హైడ్రోజన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఇంటర్ రసాయన శాస్త్రం పాఠాలు రాసేవారికి బహిరంగ లేఖ

ఇంటర్మీడియట్ విద్యామండలి అధికారులకు, రసాయన శాస్త్రం పాఠాలు రాసే, ప్రశ్నపత్రాలు తయారు చేసే పెద్దలకు నమస్కారం.

నేను పెద్దపల్లి జిల్లాలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం చెబుతాను. అమోనియా పారిశ్రామిక తయారీ గురించి మన పిల్లలకు చెబుతున్నది చాలదు, ఆ పాఠాన్ని మార్చండి అని అడగడానికే ఈ ఉత్తరం. మీకు విడిగా పంపకుండా అందరి ముందూ పెట్టడానికి కారణం ఉంది. ఇది సిలబస్ కమిటీ గదిలో తేలిపోయే విషయం కాదు. అమోనియా నుంచే యూరియా తయారవుతుంది కాబట్టి, యూరియా బస్తా కోసం సొసైటీ ముందు నిలబడ్డ ప్రతి ఇంటికీ ఇందులో సంబంధం ఉంది.

సమతాస్థితి పాఠం నుంచి వచ్చే ప్రశ్న మీకు తెలిసిందే. లీ చాట్‌లియర్ సూత్రాన్ని తెలిపి, అమోనియా పారిశ్రామిక తయారీకి అది ఎలా వర్తిస్తుందో వివరించండి. సమతాస్థితిలో ఉన్న చర్యలో ఏదైనా మార్పు తెస్తే, చర్య ఆ మార్పును తగ్గించే వైపు జరుగుతుందన్నదే ఆ సూత్రం. జవాబు మా పిల్లలకు కంఠతా వచ్చు. ఒక పాలు నత్రజనికి మూడు పాళ్లు హైడ్రోజన్. వేడిని వదిలే (ఉష్ణమోచక) చర్య కాబట్టి తక్కువ ఉష్ణోగ్రత మంచిది, కానీ మరీ తగ్గిస్తే చర్య నెమ్మదిస్తుంది, అందుకని 725 నుంచి 775 కెల్విన్. ఘనపరిమాణం తగ్గే చర్య కాబట్టి ఎక్కువ పీడనం, 200 నుంచి 300 అట్మాస్ఫియర్లు. ఇనుము ఉత్ప్రేరకం, దాని పనిని పెంచే ప్రవర్ధకం మాలిబ్డినం. ఇంత రాస్తే మార్కులు పడతాయి. సూత్రం అర్థం కావడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని నేనూ ఒప్పుకుంటాను.

కానీ మా క్లాసులో ఒక అమ్మాయి లేచి అడిగింది: "మేడమ్, నత్రజని గాలిలో ఉంది. మరి అంత హైడ్రోజన్ ఎక్కడి నుంచి తెస్తారు?"

ఆ జవాబులో ఎక్కడా ఈ సంగతి లేదు. అసలు సంగతి మాత్రం అదే. అమోనియా ప్లాంటుకు అయ్యే ఖర్చు, అది తినే ఇంధనం, వదిలే కార్బన్ డయాక్సైడ్, అక్కడ నిలబడ్డ యంత్రాల్లో ఎక్కువ భాగం, అన్నీ హైడ్రోజన్ కోసమే. మనం ఎనిమిది మార్కులకు రాయించే హేబర్ చర్య, అంటే నత్రజని, హైడ్రోజన్ కలిసి అమోనియా కావడం, జరిగే కన్వర్టర్ ఆ వరసలో దాదాపు చివర్లో వస్తుంది. ముందు జరిగేదంతా వదిలేసి చివరి మెట్టు ఒక్కటే చూపిస్తున్నాం.

ఈ అమ్మాయి ఉండే ఊరికి రామగుండం ఎంతో దూరం లేదు. అక్కడి ప్లాంటు సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమోనియా, దాన్నుంచి 3,850 టన్నుల యూరియా. 45 కిలోల బస్తాల్లో లెక్కేస్తే రోజుకు 85 వేల బస్తాలు దాటుతుంది. అంత పెద్ద రసాయన చర్య మన జిల్లాలో జరుగుతుంటే, మన పిల్లలు దాన్ని జర్మన్ శాస్త్రవేత్త పేరుతో ఉన్న ఒక సమీకరణంగానే చదువుకుని వెళ్లిపోతున్నారు.

అక్కడ ఏం జరుగుతుందో ఇంటర్ పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం కష్టమేమీ కాదు. పైపులైన్లో సహజవాయువు వస్తుంది. ముందు దానిలోని గంధకాన్ని తీసేయాలి, లేకపోతే తర్వాతి ఉత్ప్రేరకాలు పాడవుతాయి. ఆ తర్వాత మీథేన్‌ను నీటి ఆవిరితో కలిపి, నికెల్ ఉత్ప్రేరకం నింపిన గొట్టాల్లోకి పంపుతారు. బయట కొలిమి మండుతుంటుంది, లోపల 800 డిగ్రీల దాకా వేడి. మీథేన్ విరిగి హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. మీథేన్‌ను ఇలా విరగ్గొట్టే ఈ భాగాన్ని రిఫార్మర్ అంటారు. తర్వాత వచ్చే రెండో రిఫార్మర్‌లోకి గాలిని పంపుతారు. ఆ గాలిలోని ఆక్సిజన్ కొంత గ్యాస్‌ను మండించి వేడి పెంచుతుంది, నత్రజని మిగిలిపోతుంది. మనం ఎంతో తేలిగ్గా రాసే ఒకటికి మూడు నిష్పత్తిలోని ఆ "ఒకటి" ఇక్కడే దొరుకుతుంది. తర్వాత కార్బన్ మోనాక్సైడ్‌ను మళ్లీ ఆవిరితో చర్య జరిపి మరికొంత హైడ్రోజన్ రాబడతారు, దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని వేరుచేసి పక్కన పెడతారు. ఇంకా మిగిలిన కొద్దిపాటి కార్బన్ ఆక్సైడ్లను తిరిగి మీథేన్‌గా మార్చేస్తారు, ఎందుకంటే అవి ఇనుము ఉత్ప్రేరకానికి విషం. ఇంత పని అయ్యాకే కంప్రెసర్, ఆ తర్వాత కన్వర్టర్.

కన్వర్టర్‌లో కూడా మన జవాబులో లేని గొప్ప విషయం ఒకటుంది. ఒక్కసారి ఉత్ప్రేరకం మీదుగా పోయిన గ్యాస్‌లో అమోనియాగా మారేది పదిహేను శాతం దరిదాపుల్లోనే. మిగతాదాన్ని వదిలేయరు. వచ్చిన అమోనియాను చల్లబరిచి ద్రవంగా తీసేసి, మిగిలిన గ్యాస్‌ను మళ్లీ కన్వర్టర్‌కే తిప్పుతారు. ఉత్పన్నాన్ని ఎప్పటికప్పుడు తీసేస్తే చర్య ముందుకు పోతుందని మనమే లీ చాట్‌లియర్ పాఠంలో చెబుతాం కదా, అది ఫ్యాక్టరీలో కంటికి కనిపించే చోటు ఇదే. ఉష్ణోగ్రత, పీడనాల దగ్గరే జవాబు ఆపేస్తే సూత్రంలో సగమే చెప్పినట్టు.

ఇంకో మాట. "ప్రవర్ధకం మాలిబ్డినం" అని గైడ్లలో ఇంకా రాయిస్తున్నారు. కర్మాగారాల్లో వాడే ఇనుము ఉత్ప్రేరకంలో ఉండేవి అల్యూమినా, పొటాషియం, కాల్షియం ఆక్సైడ్లు. ఆల్విన్ మిట్టాష్ అనే రసాయన శాస్త్రవేత్త జర్మనీలోని బీఏఎస్‌ఎఫ్ కంపెనీలో వేల ప్రయోగాలు చేసి ఆ మిశ్రమాన్ని కనిపెట్టాడు. వందేళ్లు దాటినా మూలం మారలేదు. పీడనం కూడా ఇప్పటి ప్లాంట్లలో 150 అట్మాస్ఫియర్ల దగ్గర్లో నడిచేవి ఉన్నాయి. పిల్లవాడు ఇలా రాస్తే మూల్యాంకనం చేసేవాళ్లు మార్కు కోస్తారేమో అని నాకు భయం. ఆ భయం పోగొట్టే అధికారం మీ చేతిలోనే ఉంది.

రామగుండం కథ ఒక్కటి పాఠంలో పెట్టినా చాలు, పరిశ్రమ అంటే ఏమిటో పిల్లలకు తెలుస్తుంది. ఇక్కడ పాత ఎఫ్‌సీఐ (ఫెర్టిలైజర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) ప్లాంటు 1980లో మొదలైంది. అది సహజవాయువుతో నడిచింది కాదు, బొగ్గుతో నడిచింది. ఒడిశాలోని తాల్చేరు, మన రామగుండం కవల ప్లాంట్లు. బొగ్గును పొడి చేసి, ఆక్సిజన్, ఆవిరితో కలిపి గ్యాస్‌గా మార్చి, దాన్నుంచి హైడ్రోజన్ తీసేవారు. సింగరేణి పక్కనే ఉంది, గోదావరి నీళ్లున్నాయి, కాగితం మీద ఇంతకంటే మంచి చోటు లేదు. అయినా ప్లాంటు పూర్తి సామర్థ్యంతో సరిగ్గా నడవలేదు. మన బొగ్గులో బూడిద ఎక్కువ, ఎంచుకున్న సాంకేతికత దానికి సరిపడలేదు, కరెంటు కోతలు తోడయ్యాయి. 1999లో మూతపడింది. ఆ టౌన్‌షిప్‌లో పెరిగిన ఒక తరం బతుకులు చెల్లాచెదురయ్యాయి. నా సహోద్యోగుల్లో అలాంటి ఇళ్ల పిల్లలు ఉన్నారు. దాదాపు పదహారేళ్ల తర్వాత, 2015లో రామగుండం ఫర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ అనే కొత్త సంస్థ పుట్టింది. ఈసారి సహజవాయువు. 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది, 2022 నవంబరులో ప్రధాని జాతికి అంకితం చేశారు.

చర్య అదే, సమీకరణం అదే, ఊరు అదే. ముఖ్యంగా హైడ్రోజన్ దేన్నుంచి తీయాలన్న నిర్ణయం మారింది. ఒకటి మూతపడింది, ఇంకొకటి నిలబడింది. ఇది మన పిల్లలకు చెప్పకుండా ఇంకెవరికి చెబుతాం?

2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కొరత ఎలా ఉందో మీకు గుర్తుండే ఉంటుంది. రైతులు తెల్లవారకముందే సొసైటీల దగ్గరికి వచ్చి, నిలబడలేక చెప్పులు, పాస్‌బుక్కులు లైన్లో పెట్టారు. మా విద్యార్థుల్లో కొందరు కాలేజీ మాని తల్లిదండ్రుల బదులు ఆ లైన్లో నిలబడ్డారు. అదే సీజన్లో రామగుండం ప్లాంటు కూడా సాంకేతిక కారణాలతో కొన్నాళ్లు ఆగింది. "ప్లాంటు ఇక్కడే ఉంది కదా మేడమ్, రిపేరు చేసి వెంటనే ఎందుకు నడపరు?" అని వాళ్లు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. పైన చెప్పిన వరస తెలిసిన పిల్లవాడికి దాని జవాబు తనంతట తనకే తడుతుంది. 800 డిగ్రీల కొలిమిని ఒక్కసారిగా చల్లబరచలేం, ఒక్కసారిగా వేడి చేయలేం, గొట్టాలు పగులుతాయి. ఒక మెట్టు స్థిరపడ్డాకే తర్వాతి మెట్టుకు గ్యాస్ పంపాలి. ఆగిన ప్లాంటు మళ్లీ పూర్తిగా అందుకోవడానికి రోజులు పడుతుంది. కొరతకు దిగుమతులు, పంపిణీ లాంటి కారణాలు ఇంకా ఉన్నాయి, వాటి మీద వాదించుకోవాల్సిందే. కానీ వాదించేవాళ్లకు ముందు ఆ పదార్థం ఎలా తయారవుతుందో తెలియాలి.

యూరియా ఎలా వస్తుందో కూడా మన పాఠం ఒక వాక్యంలో దాటేస్తుంది. ఇందాక పక్కన పెట్టిన కార్బన్ డయాక్సైడ్ ఉంది చూశారా, దాన్నే అమోనియాతో కలిపితే యూరియా. రోజుకు 3,850 టన్నుల యూరియాకు సుమారు 2,800 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కావాలి. అందుకే అమోనియా, యూరియా ప్లాంట్లు ఒకే ఆవరణలో ఉంటాయి. అయితే ఆ కార్బన్ ఎప్పటికీ యూరియాలో ఉండిపోదు. పొలంలో చల్లాక నేలలోని యూరియేజ్ ఎంజైము దాన్ని విడగొడుతుంది, కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.

ఇది తెలిస్తేనే, ఇప్పుడు పేపర్లలో రోజూ కనిపిస్తున్న గ్రీన్ అమోనియా వార్తలు పిల్లలకు అర్థమవుతాయి. కాకినాడలో ఒకప్పుడు యూరియా ఫ్యాక్టరీ ఉన్న చోటే ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమోనియా లక్ష్యంగా ప్రాజెక్టు వస్తోంది. సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. మంచిదే. టన్ను అమోనియాకు సుమారు పది వేల యూనిట్ల కరెంటు కావాలని, ఆ దారిలో కార్బన్ డయాక్సైడ్ రాదు కాబట్టి యూరియా చేయాలంటే దాన్ని ఇంకెక్కడి నుంచో తేవాలని కూడా పిల్లలకు చెప్పాలి. డీఏపీ లాంటి ఫాస్ఫేట్ ఎరువులకు ఆ ఇబ్బంది లేదు. వాటిలో నత్రజని కోసం అమోనియా ఒక్కటే చాలు, మన దేశం ఆ అమోనియాను పెద్ద మొత్తంలో దిగుమతి చేసుకుంటోంది. 2025లో కేంద్ర సంస్థ సెకీ (సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) ఎరువుల ప్లాంట్ల కోసం గ్రీన్ అమోనియా వేలం పెడితే, మొదటి వేలంలో కిలో 55 రూపాయల 75 పైసల ధర పలికింది. ఇదంతా కొత్త వింత అని కూడా చెప్పకూడదు. భాక్రా జలవిద్యుత్తుతో నీటిని విడగొట్టి పంజాబ్‌లోని నంగల్‌లో 1960ల మొదట్లోనే ఎరువులు చేశారు. తర్వాత కరెంటు విలువ పెరిగి, వేరే దారులు చవకై ఆ పద్ధతి వెనకబడింది. హైడ్రోజన్ మూలం మీద ఈ దేశం ఎన్ని రకాలుగా ఆలోచించిందో చూపించే ఒక్క పేరా పాఠంలో ఉండకూడదా?

చరిత్ర గురించి ఎక్కువ అడగను. హేబర్ పేరు పక్కన కార్ల్ బోష్ పేరు పెట్టండి. 1909లో హేబర్ బల్ల మీద చేసి చూపించినదాన్ని 1913లో జర్మనీలోని ఓపావులో ఫ్యాక్టరీగా నిలబెట్టింది బోష్. అధిక పీడనంలో హైడ్రోజన్ ఉక్కులోని కార్బన్‌ను తినేసి గొట్టాలు పగిలిపోతుంటే, లోపల మెత్తని ఇనుప పొర వేసి, బయట ఉక్కు కవచానికి సన్నని రంధ్రాలు పెట్టి దాన్ని గెలిచాడు. ఇంజనీరింగ్‌కు వెళ్లాలనుకునే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది? అలాగే, అదే అమోనియా మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీకి పేలుడు పదార్థాలు ఇచ్చిందని, హేబర్ 1915లో బెల్జియంలోని ఇప్ర్ దగ్గర క్లోరిన్ విషవాయు దాడిని దగ్గరుండి నడిపించాడని కూడా దాచకుండా రాయండి. ఈ రోజు ప్రపంచంలో దాదాపు సగం మంది తిండి ఈ చర్య మీద ఆధారపడి ఉందని అంచనా. అది చెప్పిన పేజీలోనే ఇదీ ఉండాలి. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు రెండు నిజాలనూ మోయగలరు.

ఇక నేను గట్టిగా అడిగేది భద్రత గురించి.

అమోనియా నీటిలో విపరీతంగా కరుగుతుందని ఫౌంటెన్ ప్రయోగం చేసి చూపిస్తాం. ఒక పాలు నీటిలో దాదాపు 700 పాళ్ల వాయువు కరుగుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. అక్కడితో ఆపేస్తాం. ఆ ధర్మం వల్లనే అమోనియా మొదట కళ్లను, ముక్కును, గొంతును, ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. అక్కడ తేమ ఉంటుంది కాబట్టి. ఆ ధర్మం వల్లనే తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుంటే ఎంతో కొంత ఆగుతుంది, కళ్లు మండితే ధారగా నీళ్లతో కడగాలి. గాలికంటే తేలికైన వాయువని పుస్తకంలో చదివినవాళ్లు అది పైకి పోతుందిలే అనుకుంటారు. ద్రవ అమోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ట్యాంకు నుంచో పైపు నుంచో కారినప్పుడు చల్లని తెల్లటి పొగలా నేలబారుగా పాకుతుంది. అప్పుడు గాలి వీచే దిశలో పరుగెత్తకూడదు, దానికి అడ్డంగా పక్కకు పోవాలి. ప్రాణం నిలిపే ఈ నాలుగు మాటలు మన పుస్తకంలో లేవు.

ఇది ఫ్యాక్టరీ పక్కన ఉన్నవాళ్లకే సంబంధించిన విషయం కాదు. గుంటూరులో మిర్చి పెట్టే కోల్డ్ స్టోరేజీలు, భీమవరం చుట్టూ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఊళ్లలో ఐస్ ఫ్యాక్టరీలు, వీటిలో చాలావాటికి చల్లదనం ఇచ్చేది అమోనియానే. 2020 జూన్‌లో నంద్యాలలో ఒక ఫ్యాక్టరీలో అమోనియా లీకై ఒకరు చనిపోయారు. 2023 డిసెంబరు 26 అర్ధరాత్రి చెన్నై దగ్గర ఎన్నూరులో, సముద్రం అడుగున ఉన్న అమోనియా పైపు లీకై జాలర్ల ఊళ్లు ఊళ్లే వీధుల్లోకి పరుగెత్తాయి, పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. ప్రమాదకర రసాయనాలపై 1989లో చేసిన నియమాల ప్రకారం, పెద్ద ప్రమాదానికి అవకాశమున్న చోట చుట్టుపక్కల జనానికి ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందే చెప్పాలి. ఫ్యాక్టరీలు చెప్పాలి, అధికారులు చెప్పించాలి, అది వాళ్ల బాధ్యత. కానీ ఇంటర్ చదివే పిల్లవాడు ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. అతనికి తెలిస్తే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. అమోనియా ధర్మాల కింద ఒక పెట్టెలో ఈ జాగ్రత్తలు అచ్చు వేయడానికి అర పేజీ చాలు.

పాఠం పొలందాకా కూడా వెళ్లాలి. మన వరి మడుల్లో చల్లిన నత్రజనిలో సగం కూడా పైరుకు అందదు. కొంత అమోనియాగా గాలిలోకి పోతుంది, కొంత నైట్రేటుగా నీటిలో దిగిపోతుంది, కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లు బలమైనది. బురదలో నీళ్లు తీసి చల్లాలా, నీళ్ల మీద చల్లాలా, పిలక దశలో ఎంత, చిరుపొట్ట దశలో ఎంత, వేప పూత ఎందుకు వేస్తారు, ఇవన్నీ రసాయన శాస్త్ర ప్రశ్నలే. బస్తా ఇంటికి 266 రూపాయలకు వస్తుంది కాబట్టి ఎక్కువ చల్లితే పోయేదేముంది అనుకునే నాన్నకు, అసలు ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం భరిస్తోందని, పైరుకు అందనిది ఎక్కడికి పోతుందో అని చెప్పగలిగేది ఇంట్లో చదువుకునే బిడ్డే. వ్యవసాయ అధికారి చెబితే వినని మాట కూతురు చెబితే వింటారు. మా ఊళ్లలో నేను చూస్తూనే ఉన్నాను.

సిలబస్ ఇప్పటికే బరువుగా ఉందని, ఎప్‌సెట్ ఒత్తిడి ఉందని మీరు అనవచ్చు. ఆ టెన్షన్ రోజూ చూసేది మేమే. నేను పేజీలు పెంచమనడం లేదు. ఉన్న ప్రశ్నను మార్చమంటున్నాను. "వివరించండి" అని అడిగే చోట ఇలా అడగండి: 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని ఉంటే, దాన్ని ఇవ్వడానికి ఎంత గాలి కావాలి? లెక్క చేసిన పిల్లవాడికి, పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న తన ఇంటి గదిలోని గాలి ఇంచుమించు సరిపోతుందని తేలుతుంది. గది నిండా నత్రజని ఉండగా నాన్న ఎందుకు లైన్లో నిలబడ్డాడు అన్నది రెండో భాగంగా అడగండి. నత్రజని అణువులోని త్రిబంధం, హైడ్రోజన్, పీడనం, ఉత్ప్రేరకం అన్నీ ఆ జవాబులోకి వచ్చి తీరాలి. బట్టీ కొట్టినవాడు రాయలేడు, అర్థమైనవాడు ఎన్నేళ్లయినా మరిచిపోడు.

ఏడాదికి ఒక్కసారైనా సైన్స్ గ్రూపుల పిల్లలను దగ్గర్లోని పరిశ్రమకు తీసుకెళ్లడానికి కాలేజీలకు అనుమతి, బస్సు ఖర్చు ఇప్పించండి. రామగుండం లాంటి చోట భద్రత దృష్ట్యా లోపలికి పంపడం కుదరకపోతే, ఆ ఇంజనీర్లనే కాలేజీలకు రప్పించండి. ప్రతి కాలేజీకీ చూపించేలా అరగంట వీడియో తెలుగులో తీయించినా సరే. మా పిల్లల్లో చాలామంది తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్లు. ఇంగ్లిష్ వీడియోలో కంప్రెసర్ శబ్దం తప్ప వాళ్లకు ఏమీ మిగలదు.

కొత్త పాఠ్యప్రణాళిక పనులు జరిగేటప్పుడు అధ్యాపకుల అభిప్రాయాలు తీసుకుంటారని విన్నాను. పైన చెప్పిన మార్పులతో అమోనియా పాఠం ముసాయిదా, పది నమూనా ప్రశ్నలు, భద్రత పెట్టెలో ఉండాల్సిన వాక్యాలు రాసి ఉంచాను. వాటిలో తప్పులుంటే దిద్దండి, బాగుంటే వాడుకోండి, నా పేరు ఎక్కడా అవసరం లేదు. వచ్చే విద్యాసంవత్సరం పుస్తకాలు అచ్చుకు వెళ్లేలోపు మీ నిర్ణయం ఏమిటో, కాదంటే ఎందుకు కాదంటున్నారో అధ్యాపకులందరికీ తెలిసేలా చెప్పమని కోరుతున్నాను.

ఇట్లు,
పెద్దపల్లి జిల్లాలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాల రసాయన శాస్త్ర అధ్యాపకురాలు